కూర్చున్నవాళ్ళ మీద వెలుగు

మొన్న కావలిలో మా ఇంటి గేటు స్తంభానికి లైటు బిగించిన మిస్త్రీ, అది పనిచేస్తుందని పట్టపగలే నాకు చూపించాలనుకుని సెన్సరు కన్నును అరచేత్తో మూశాడు. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత డబ్బా లోపల ఎక్కడో 'టిక్' మని చిన్న చప్పుడు వచ్చి లైటు వెలిగింది. ఆ చప్పుడు వినేసరికి నేను చేతిలో కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుండిపోయాను. మిస్త్రీకి నా సంగతి తెలియదు కదా, తన ధోరణిలో తను, "ఇది చీకటి పడినప్పటి నించి తెల్లారిందాకా వెలుగుతానే ఉంటాది మేడమ్. ఎందుకు దండగ? మనిషి కదిలితేనే వెలిగేది ఉండాది, అది పెట్టించుకోండి" అన్నాడు. "వద్దన్నా, నాకు ఇదే కావాల" అన్నాను. ఎందుకో అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. నిలబడి చెప్పే మాట కాదది. ఎస్తేరు టీచరు గురించి చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మాది విడవలూరు అవతల సముద్రపు గాలి తగిలే పల్లె. గేటు గొళ్ళెం దగ్గర్నుంచి సైకిలు చైను దాకా ఇనుము అన్నది ఏదీ అక్కడ మూడు వానలు ఓర్చుకోదు. మెయిన్ రోడ్డు దిగి ఊళ్ళోకి పోయే సందు మొదట్లో కాలవ, దాని మీద కల్వర్టు, కల్వర్టుకు ఎదురుగా ఎస్తేరు టీచరు ఇల్లు. ఆమె హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మెడలో ఈల తీసేశారు గాని గొంతులో ఈల అలాగే ఉండిపోయింది. ఆదివారం చర్చిలో పాట పాడితే పక్క వరుసలో పసిబిడ్డలు లేచి ఏడ్చేవాళ్ళు. పెద్ద కోపిష్ఠి. ఆమెతో వాదన పెట్టుకున్నవాళ్ళు గెలిచిన దాఖలాలు మా ఊళ్ళో లేవు, ఓడిపోయామని ఒప్పుకున్నవాళ్ళు మాత్రం కొందరున్నారు. నన్ను చిన్నప్పుడు ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తించిన మనిషి కాబట్టి నాకు ఆమె అంటే భయమే తప్ప ప్రేమ ఉండేది కాదు. ప్రేమ తర్వాత వచ్చింది.

ఇంటర్ అయ్యాక నేను రొయ్యల కంపెనీలో పనికి చేరాను. రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే పని. కంపెనీ బస్సు దీపాలు పెట్టే వేళకు మమ్మల్ని మెయిన్ రోడ్డు మీద దింపేసి పోయేది. మా ఊరి ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి అక్కణ్ణుంచి సందులోకి నడవాలి. కల్వర్టు గోడ మీద మగవాళ్ళు వరుసగా కూర్చుని ఉండేవాళ్ళు. చీకట్లో సిగరెట్ల కొసలు తప్ప ఏమీ కనిపించేవి కావు. "రొయ్యలు నడిచి వస్తా ఉండాయి రా" అని ఒకడు, "వలేస్తే పోలా" అని ఇంకొకడు. మేం తలలు వంచుకుని, కొంగులు బిగించుకుని, ఒకరినొకరు తోసుకుంటూ పోయేవాళ్ళం. కల్వర్టు పక్క కరెంటు స్తంభానికి పంచాయతీ వాళ్ళు వేసిన బల్బు వేసిన రోజే రాయి దెబ్బకు పగిలేది. ఇంక వాళ్ళు వేయడం మానేశారు.

ఒక సాయంత్రం ఆ చీకట్లోంచి ఎవడో కాలు అడ్డం పెట్టాడు. నా ముందు నడుస్తున్న రమణమ్మక్క బోర్లా పడింది. ఆమె టిఫిను క్యారియరు దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. గోడ మీద అందరూ నవ్వారు. ఆ కాలు ఎవడిదో మాకు తెలియదు. ఇంటికొచ్చి చెబితే నాయన, "ఎవరని అడిగేది? పేరు చెప్పగలవా?" అన్నాడు. చెప్పలేకపోయాను. "అయితే ఒకటో తారీకు నించి పని మానెయ్యి. మనకెందుకు ఈ గొడవ" అన్నాడు. నాయన చెడ్డవాడు కాదు. కౌలు పొలం చేసుకునే మెత్తటి మనిషి, ఊళ్ళో ఎవరితోనూ మాట పడకుండా బతికినవాడు. కంపెనీలో బాగా చేసేవాళ్ళను పరీక్షల ల్యాబులోకి తీసుకుంటామని సూపర్‌వైజరు నాతో అప్పుడే అన్నాడు. మానేస్తే ఆ దారి మూసుకుపోతుంది, పెళ్ళి దారి ఒక్కటే తెరుచుకుంటుంది. ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. కాలు పెట్టినవాడు హాయిగా కూర్చుంటాడు, నడిచేదాన్ని నేను మానుకోవాలి.

రమణమ్మక్క మోకాలికి కట్టు చూసి ఎస్తేరు టీచరు ఏం జరిగిందో కూపీ లాగారు. ఆ వారమే నెల్లూరు పోయి, మనిషి కదిలితే వెలిగే లైటు కొనుక్కొచ్చి, తన ప్రహరీ స్తంభానికి బిగించారు. దానికి కింద మూడు చిన్న మరలు ఉండేవి. ఒకటి ఎంత చీకటి పడితే పనిచేయాలో చెప్పేది, ఒకటి ఎంతసేపు వెలగాలో చెప్పేది, ఇంకొకటి ఎంత దూరం చూడాలో చెప్పేది. ఆదివారం ఆరాధన అయిపోయాక, పొద్దు గూకే వేళకు మమ్మల్నందర్నీ సందులో వరుసగా నిలబెట్టారు. ఆమె స్టూలు మీద, చేతిలో స్క్రూడ్రైవరు. "సుగుణా, నడువు! ఆగు! వెనక్కి!" అని నాకు ఆజ్ఞలు. నేరుగా స్తంభం వైపు నడిస్తే లైటు ఆలస్యంగా వెలిగింది, అడ్డంగా నడిస్తే చప్పున వెలిగింది. "ఎదురొస్తే గుడ్డిది, అడ్డంగా పోతే చూస్తాది. మన కరణం లాంటిదే మే ఇది" అన్నారు.

అక్కడ ఒక చిక్కొచ్చింది. మా దగ్గర సాయంత్రం లైటు వేయగానే దండం పెట్టుకోవడం అలవాటు. లైటు వెలిగినప్పుడల్లా రమణమ్మక్క చేతిసంచీ కింద పెట్టి రెండు చేతులూ జోడించేది. టీచరు ఎంతసేపట్లో ఆరిపోతుందో చూద్దామని అందర్నీ కదలకుండా నిలబడమంటే, ఈమె దండానికి సెన్సరు మళ్ళీ కదలిక పట్టేది, లైటు ఆరేది కాదు. టీచరు మర ఎంత తిప్పినా లాభం లేకపోయింది. చివరికి సంగతి కనిపెట్టి, "నువ్వు దండం పెడతా ఉండేది నాకా మే, బల్బుకా?" అని అరిచారు. "లచ్చిందేవికి టీచరమ్మా" అంది రమణమ్మక్క. "ఆ తల్లి వచ్చిందంటే వచ్చింది, నువ్వు చేతులు దించితే కదా పొయ్యేది" అన్నారు. మేం పడీపడీ నవ్వాం. ఆ సందులో మేం పైకి నవ్వడం నాకు తెలిసి అదే మొదలు.

సోమవారం సాయంత్రం బస్సు దిగి ధైర్యంగా నడిచాం. అడుగు పెట్టగానే లైటు వెలిగింది. మా మీద వెలిగింది. కల్వర్టు గోడ మీద వాళ్ళు కదలకుండా కూర్చున్నారు కాబట్టి వాళ్ళ వైపు ఏమీ వెలగలేదు. మా చీరల రంగులు, మా చెప్పులు, మా చెమట పట్టిన ముఖాలు అన్నీ వాళ్ళకు కనబడుతున్నాయి. మాకు కళ్ళు చెదిరి గోడ మీద ఎవరున్నారో ఇదివరకంత కూడా కనబడలేదు. "సినిమా మొదలైంది రా" అని ఎవడో ఈల వేశాడు. రమణమ్మక్క తిన్నగా టీచరు గేటు తీసుకుని లోపలికి పోయి, "టీచరమ్మా, మేం కనపడినాం. వాళ్ళు కనపడలా" అని చెప్పింది. టీచరు ఆ మాట విని గేటు దాకా వచ్చి, లైటు వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశారు. "తప్పు చేసినా మే" అన్నారు ఆ తర్వాత. "కదిలేవాళ్ళను పట్టేది తెచ్చినా. మనకు కావాల్సింది కూర్చున్నవాళ్ళను పట్టేది."

మరునాడే ఆ లైటు విప్పేసి, చీకటి పడితే దానంతట అది వెలిగే లైటు, దాని సెన్సరు తెచ్చారు. లైటు మొహాన్ని దారి మీంచి తిప్పి కల్వర్టు గోడ మీద పడేలా పెట్టారు. మొదటి సాయంత్రం అది వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. సెన్సరును సరిగ్గా లైటు కింద బిగించారు మరి. లైటు వెలగగానే అది తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, ఆరగానే చీకటనుకుని వెలిగిస్తుంది. గోడ మీద వాళ్ళు, "టీచరమ్మ ఇంట్లో క్రిస్మస్ ముందే వచ్చింది" అని ఎగతాళి చేశారు. టీచరు మాత్రం సిగ్గుపడలేదు. సెన్సరును స్తంభం వెనక వైపుకు జరిపి, మధ్యలో అడ్డంగా కొబ్బరిచిప్ప ఒకటి కట్టారు. లైటు వెలుగు దాని కంట పడకుండా పోయింది, ఉప్పు గాలి నుంచి కాస్త కాపు కూడా దొరికింది. ఆ తర్వాత అది నిలకడగా వెలిగింది.

ఆ వెలుగులో మొదటిసారి కల్వర్టు గోడను పూర్తిగా చూశాను. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఎవరికా అని చూస్తే, అందరూ మాకు తెలిసినవాళ్ళే. ఒకడు మా పక్క వీధి సీనన్న, ఒకడు నాకు వరసకు బావ అవుతాడు, ఒకడు మా నాయన దగ్గర ఎరువు అప్పు తీసుకుపోయే మనిషి. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నారు. టీచరు గేటు దగ్గర నిలబడి, "తలలు ఎత్తండి! పేరు పెట్టి పలకరించండి! మర్యాద తెలీదా మీకు?" అని మా మీద కేకేశారు. రమణమ్మక్క కుంటుకుంటూ ముందుకు పోయి, "ఏం సీనన్నా, బాగుండావా? వదిన బాగుండాదా?" అంది. సీనన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఆ... బాగుండాదమ్మా" అన్నాడు. ఆ కాలు అతనిదేనని నేను అనుకుంటున్నాను. రుజువు లేదు.

రెండు రోజుల తర్వాత మస్తానయ్య అనే పెద్దమనిషి ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని టీచరు ఇంటికి వచ్చాడు. ఊళ్ళో పంచాయితీలు చేసేది ఆయనే. మేం కూడా అప్పుడే బస్సు దిగి వస్తున్నాం, గేటు దగ్గర ఆగిపోయాం. "టీచరమ్మా, మగోళ్ళు సాయంత్రం పూట గాలికి కూర్చునే తావు అది. దాని మీద లైటేసి అవమానం చేస్తే ఎట్టా? ముందు పెట్టినావే, మనిషి వస్తే వెలిగేది, అదే పెట్టుకో. మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

"మీకెందుకు ఉంటాది అభ్యంతరం? అది ఆడోళ్ళను చూపించింది కదా" అన్నారు టీచరు.

మస్తానయ్య గొంతు సవరించుకుని, "పెద్దోళ్ళు ఊరికే అన్లా. తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని. ఈ పిల్లలు చీకటి పడినాక తిరగడం మానుకుంటే అసలు లైటుతోనే పని లేదు" అన్నాడు.

"సామెత సగమే చదువుకున్నావా మస్తానయ్యా? తిరక్క చెడేది మగాడే కదా. మాపటేళ నించి కదలకుండా ఆ గోడకు అతుక్కోని కూర్చుంటా ఉండారే, వీళ్ళను ఏమనాల? మీరు లేచి పనికి పోండి, నేను లైటు తీసేస్తా" అన్నారు. ఆయన వెంట వచ్చినవాళ్ళలో ఒకడికి నవ్వాగలేదు. మస్తానయ్య వాణ్ణి చూసిన చూపు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఆమెను ఏమీ అనలేక వాళ్ళు మా నాయన దగ్గరికి పోయారు. అది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మెత్తని చోటే గునపం దిగుతుంది. "నీ కూతురు పనికి పోబట్టే ఇదంతా" అన్నారట. నాయన ఆ రాత్రి అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే, "ఒకటో తారీకు గుర్తుండాది కదా" అన్నాడు. నేను కంచం తీసి పెరట్లోకి పోయాను. పలికితే ఏమంటానో అని నాకే భయం వేసింది.

ఆ వారంలోనే లైటు మొరాయించడం మొదలుపెట్టింది. సరిగ్గా మా బస్సు వచ్చే వేళకు ఆరిపోయేది, మేం ఇళ్ళు చేరాక మళ్ళీ వెలిగేది. ఉప్పు పట్టిందనుకుని టీచరు సెన్సరు మార్చారు. కొత్తదీ అంతే. దాన్ని తీసుకుపోయి నెల్లూరులో షాపువాణ్ణి చెడామడా తిట్టి వచ్చారు. అక్కడేమో అది బంగారంలా పనిచేసింది. గోడ మీద మళ్ళీ చీకటి, మళ్ళీ నవ్వులు. ఒకటో తారీకు దగ్గర పడుతోంది. నాకు టీచరు మీద కూడా కోపం వచ్చింది, ఉన్నది ఉన్నట్టు ఉండనిస్తే పోయేది కదా అని. ఆ మాట రమణమ్మక్కతో అన్నాను. "నీకు సిగ్గు లేదా మే" అంది ఆమె.

మరునాడు బస్సు దిగుతుంటే నాకు ఒకటి కనిపించింది. టీచరు స్తంభం వెనక ఖాళీ జాగాలో ముళ్ళకంచె ఉంటుంది. దాని కొమ్మల సందులో తెల్లటి వెలుగు చుక్క. ఎవడో తన సెల్‌ఫోను టార్చి వెలిగించి, సరిగ్గా సెన్సరు కంట్లో పడేలా కంచెలో ఇరికించి పెట్టాడు. అది పాపం ఇంకా పొద్దుందనుకుని లైటు ఆర్పేస్తోంది. నేను పరుగెత్తి టీచరుకు చెప్పాను. ఆమె కంచె దగ్గరికి వచ్చి, ముళ్ళు గీసుకుంటున్నా చెయ్యి పెట్టి ఫోను లాగారు. సరిగ్గా అప్పుడే అది మోగింది. 'అమ్మ' అని పేరు పడింది. టీచరు ఎత్తి, అందరికీ వినపడేటట్టు, "ఆ తల్లీ, నేను ఎస్తేరు టీచర్ని. మీవోడు ఆడోళ్ళు నడిచే దారిలో లైటు ఆర్పే ఉద్యోగంలో ఉండాడు. డ్యూటీ దిగినాక పంపిస్తా, కూడు మూతేసి పెట్టు" అన్నారు. ఆమె ఆ మాటంటూ ఉండగానే వెనక స్తంభంలో 'టిక్' మంది. లైటు వెలిగింది. గోడ మీంచి సీనన్న దిగి, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి, ఫోను తీసుకుని పోయాడు.

శనివారం ఆమె సెన్సరును స్తంభం మీంచి తీసి డాబా మీదికి చేర్చారు. తూర్పు పిట్టగోడ అవతలి వైపు, సందుకు వీపు పెట్టి, సముద్రం వైపు తిప్పి బిగించారు. తూర్పున ముందుగా చీకట్లు ముసురుకుంటాయి కాబట్టి లైటు ఇదివరకటికన్నా కాస్త ముందే వెలిగేది. పని ముగించి, పిట్టగోడ మీద చేతులానించి, కల్వర్టు వైపు చూసి అరిచారు. "అబ్బయలూ! ఇంక దీని కంట్లో టార్చి వేయాలంటే సముద్రంలోంచి రావాల! ఈత వచ్చినోళ్ళు రండి!"

ఆ తర్వాత గోడ ఖాళీ అయింది. వాళ్ళు కాస్త దూరంగా, లైటు పడని చోట, రోడ్డు మలుపులో నిలబడడం మొదలుపెట్టారు. మేం అదృష్టం అనుకుని గబగబా నడిచి పోబోయాం. టీచరు గేటు తీసుకుని బయటికి వచ్చారు. "యాడికి ఆ పరుగు? 'రన్' అని నేను అన్నానా? పరిగెత్తబాకండి. పొద్దుననగా నిలబడి పనిచేసి వచ్చినారు. కూర్చోండి" అన్నారు, గోడ చూపించి. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఆ గోడ మీద ఆడమనిషి కూర్చోగా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. రమణమ్మక్క ముందు కూర్చుంది. ఆమె పక్కన నేను. పగటి ఎండకు కాగిన సిమెంటు ఇంకా వెచ్చగా ఉంది. టీచరు చేటలో బొరుగులు, వేయించిన శనక్కాయలు తెచ్చి మధ్యలో పెట్టారు. మా అందరి ఒంటి మీదా రొయ్యల వాసన. లైటు నేరుగా మా ముఖాల మీద పడుతోంది. మలుపులో నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. ఈసారి నాకు కొంగు సర్దుకోవాలనిపించలేదు.

అంతలో నాయన వచ్చాడు. నేను ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. మలుపులో మస్తానయ్య పక్కన ఒక్క క్షణం ఆగి, నన్ను చూసి, దగ్గరికి వచ్చాడు. "లే మే, ఇంటికి పోదాం. అందరూ చూస్తా ఉండారు" అన్నాడు మెల్లగా. రేపే ఒకటో తారీకు. టీచరు వైపు చూశాను, ఆమె శనక్కాయలు ఒలుచుకుంటూ నాకు సాయం రాలేదు. కావాలనే రాలేదని ఇప్పుడు తెలుసు.

"చూడనీ నాయనా. చూసేదానికే కదా లైటు వేసింది. నేను కాసేపు కూర్చోని వస్తా. రేపు కూడా పనికి పోతా, రేపు కూడా ఈడ కూర్చుంటా" అన్నాను.

నాయన తిరిగి పోతాడనుకున్నాను. మలుపు వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత పంచె సర్దుకుని, గోడ చివర, మాకు మూరెడు ఎడంగా కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఊరికి ఎదురుగా కూర్చున్న మనిషి కదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచరు చేట ఆయన వైపు జరిపి, "తీసుకో అబ్బయా, ఉప్పు సరిపోయిందా చూడు" అన్నారు. ఆయన నాలుగు శనక్కాయలు తీసుకుని, "కాస్త తక్కువైంది టీచరమ్మా" అన్నాడు.

మరునాడు నేను పనికి పోయాను. ల్యాబులో చేరాను, చదువుకున్నాను, ఇప్పుడు ఆ పరీక్షల రిపోర్టుల మీద సంతకం నాది. ఎస్తేరు టీచరు పోయినప్పుడు కంపెనీ బస్సు ఆడవాళ్ళందరం పని బట్టలతోనే ఆమె సమాధి దాకా నడిచాం. ఆ ఊరు మొత్తం మారిపోయిందని నేను అనను. మస్తానయ్య చివరి దాకా నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నాకు ఆ కోపం పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

కిందటేడు మా కంపెనీ మీటింగులో, గేటు బయట చీకటిగా ఉంటోంది కాబట్టి ఆడవాళ్ళకు సాయంత్రం షిఫ్టు తీసేద్దామని ఒక పెద్ద అధికారి ప్రతిపాదించాడు, మా మేలు కోరే అన్నాడు. నేను లేచి, "చీకట్లో కూర్చునేవాళ్ళ షిఫ్టు తీసేయండి సార్, మాది ఉండనీండి" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు ఆ హాలుకు అవసరమైన దానికన్నా చాలా పెద్దగా వచ్చింది. అది ఎవరి గొంతో నాకు తెలుసు. ఇప్పటికీ చీకటి పడ్డాక ఒంటరిగా నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడుకు నా గుండె దడదడలాడుతుంది, అందులో దాచేదేం లేదు. కానీ నడక పెంచను. ఆగి, వెనక్కి తిరిగి, వచ్చేవాడి ముఖంలోకి చూసి, "ఎవరబ్బయా అది?" అని పెద్దగా అడుగుతాను.